సీసాలో మొగులు, మేడ మీద లెక్కలు

జూన్ 14

మృగశిర కార్తె వచ్చి వారమైంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి మొగులు లేస్తుంది, కాలేజీ వదిలే వేళకు మన్యంకొండ దిక్కున నల్లగా కమ్ముకుంటుంది, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోతుంది. పాలమూరులో పుట్టినవాడికి ఇది కొత్తేం కాదు. అయినా అమ్మ ప్రతిసారీ ఆరేసిన వడియాలు లోపలికి తెమ్మంటుంది, నేను ప్రతిసారీ తెస్తాను.

ఈ ఏడు ఒక పని పెట్టుకున్నాను. మబ్బు ఎందుకు కురవలేదో చెప్పడం నా వల్ల కాదు, అంత ఆశ లేదు. ఇంకా చిన్న ప్రశ్న: మా మేడ మీది గాలి పైకి లేచి మబ్బు కడితే, అందులో ఒక ఘనపు సెంటీమీటరుకు ఎన్ని చుక్కలు తయారవుతాయి? చుక్క కట్టాలంటే ఆవిరికి ఒక కణం ఆధారం కావాలి. ఉప్పు, పొగ, సల్ఫేటు, మట్టి, ఏదో ఒకటి. కాబట్టి ప్రశ్న కణాల లెక్క దగ్గరికే వస్తుంది.

2011 వానాకాలంలో పుణె ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మబ్బులు, గాలి కణాలు, వానల మీద చేసిన కైపీక్స్ ప్రయోగంలో భాగంగా మా మహబూబ్‌నగర్‌లోనే నేల మీద పరికరాలు పెట్టి నెలల తరబడి ఇదే కొలిచారు. విమానాలు హైదరాబాద్ నుంచి ఎగిరేవి. అప్పుడు నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పుకుంటూ ఇదే ఊళ్లో ఉన్నాను, ఆ సంగతే తెలియదు. ఆ ఉక్రోషం కూడా ఈ డైరీకి కొంత కారణం.

జూన్ 21

మొదటి మబ్బు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, మూతకు బొక్క వేసి సైకిల్ ట్యూబు వాల్వు బిగించాను. సైకిల్ షాపాయన డబ్బులు తీసుకోలేదు, "సీసాకు పంచర్ పడితే తీసుకరా సారూ" అని మాత్రం అన్నాడు. అడుగున రెండు గుక్కల నీళ్లు, ఊదుబత్తి పొగ ఒక్క పీల్పు, పంపుతో గాలి కొట్టి ఠపీమని మూత తీస్తే సీసా నిండా పాలలాంటి మబ్బు. మేనల్లుడు (ఈసీఈ మూడో సంవత్సరం, సెలవులకు వచ్చాడు) ఫోన్లో ఇరవై సార్లు తీశాడు.

తర్వాత పొగ లేకుండా చేశాం. పంపు గాలి పీల్చే చోట దూది కూరిన గొట్టం తగిలించి శుభ్రమైన గాలే ఎక్కించాం. మబ్బు రాకూడదు. వచ్చింది. పలచగా, కానీ వచ్చింది.

జూన్ 24

మూడు రోజులు దూదిని తిట్టాను. మెడికల్ షాపు దూది, పత్తి మార్కెట్ నుంచి తెచ్చిన దూది, రెండు పొరలు, నాలుగు పొరలు. మబ్బు వస్తూనే ఉంది.

తప్పు దూదిది కాదు, నా పంపుది. స్థిరోష్ణక వ్యాకోచం (బయటి వేడి అందకుండా గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది) అధ్యాయం పాతికేళ్లుగా బోర్డు మీద చెబుతున్నాను, సీసా దగ్గర మాత్రం అది గుర్తుకు రాలేదు. గేజీలో 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) చూపేదాకా కొడుతున్నాను. మా ఊరి ఎత్తులో గాలి పీడనం సుమారు 13.8 పీఎస్ఐ. అంటే 33.8 నుంచి ఒక్కసారిగా 13.8కి దించుతున్నాను, గాలి దాదాపు 1.9 రెట్లు వ్యాకోచిస్తుంది. సీ.టీ.ఆర్. విల్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1890ల్లోనే కొలిచిపెట్టాడు: ధూళి తీసేసిన గాలిలో వ్యాకోచం 1.25 రెట్లు దాటితే విద్యుదావేశమున్న అయాన్ల మీదే చుక్కలు కడతాయి, 1.38 దాటితే దట్టంగా మబ్బే వస్తుంది, ధూళితో పనే లేదు. పీడనం లెక్కలో చెప్పాలంటే మా ఊళ్లో 5 పీఎస్ఐ దాటకూడదు. నేను నాలుగు రెట్లు కొట్టి, దూదిని అనుమానించాను.

4 పీఎస్ఐకి దించాం. దూది గాలి: ఏమీ లేదు. ఊదుబత్తి గాలి: తెల్లటి మబ్బు. అదే సీసా, అవే నీళ్లు, అదే చప్పుడు.

ఇంకో సంగతి అనుకోకుండా దొరికింది. పొగ వేసిన సీసాను మళ్లీ మళ్లీ వ్యాకోచింపజేస్తే, ప్రతిసారీ కట్టిన చుక్కలు తమ కణాలను మోసుకుని అడుగు నీళ్లలోకి దిగిపోతాయి. ఆరో, ఏడో సారికి సీసా ఖాళీగా కనిపిస్తుంది. విల్సన్ తన గాలిని శుభ్రం చేసుకున్నది ఇలాగే. వాన కురిసిన మర్నాడు మన్యంకొండ మెట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడటం ఇదే పని పెద్ద ఎత్తున జరగడం.

అమ్మ ఊదుబత్తి పాకెట్టు ఖాళీ అయిందని గమనించింది. "దేవునికా, సీసాకా?"

జూలై 5

సీసాలో మబ్బు చూడొచ్చు గాని లెక్కపెట్టలేం. అందుకే ఫ్లాస్కుకు మారాను. గుండ్రటి అడుగున్న 250 ఎంఎల్ గాజు ఫ్లాస్కు. దాని మీద 250 అని రాసుంటుంది కానీ మెడ దాకా నీళ్లు పోసి కొలిస్తే 290 పట్టింది. 40 ఎంఎల్ నీళ్లు లోపలే ఉంచితే గాలి సరిగ్గా 250 మిగులుతుంది. రబ్బరు బిరడా, గాజు గొట్టం, దానికి 50 ఎంఎల్ పెద్ద సిరంజి. పిస్టన్ చటుక్కున చివరిదాకా లాగితే 250 కాస్తా 300 అవుతుంది. వ్యాకోచం 1.20, విల్సన్ గీతకు ఇవతలే. గాజులో గాలి కొట్టడం ప్రమాదం. ఇది లాగడమే కాబట్టి భయం లేదు, పైగా వ్యాకోచం ఎంతో సిరంజి గీతలే చెబుతాయి.

ఇక చుక్కల సైజు. ఇది అమ్మ చెప్పిన మాటతో మొదలైంది. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే "గుడి దూరంగుంటే వాన దగ్గర, గుడి దగ్గరుంటే వాన దూరం" అంటుంది. ఆ దూరపు గుడి మంచు స్ఫటికాలది, 22 డిగ్రీల వలయం, నా పని దానితో కాదు. నాక్కావలసింది పలచటి మబ్బు చందమామ మీదుగా పోయినప్పుడు ఆనుకుని కనబడే చిన్న రంగుల గుడి. అది నీటి చుక్కల పని. చుక్క చిన్నదైతే గుడి పెద్దది, చుక్క పెద్దదైతే గుడి చిన్నది. లెక్క కూడా సులువు: కాంతి తరంగదైర్ఘ్యాన్ని 1.22తో గుణించి చుక్క వ్యాసంతో భాగిస్తే మొదటి చీకటి వలయం కోణం వస్తుంది.

ముందుగదిలో లైట్లార్పి, రెండు మీటర్ల దూరంలో అట్టకు సన్న బొక్క చేసి వెనక టార్చి పెట్టాను. అట్ట మీద బొక్క నుంచి పక్కలకు సెంటీమీటర్ల గీతలు. ఫ్లాస్కును కంటికి ఆనించినంత దగ్గరగా స్టాండుకు బిగించి సిరంజి లాగాను. మొదటి రెండు సార్లు ఏమీ కనబడలేదు. మూడోసారి టార్చి చుట్టూ నీలం కలిసిన తెలుపు, దాని అంచున తుప్పు రంగు వలయం. రెండు సెకన్లు నిలిచి కరిగిపోయింది. నేను కుర్చీలోంచి లేచానట, నాకు గుర్తులేదు.

జూలై 8

చేత్తో పట్టుకుంటే ఫ్లాస్కు వేడెక్కి చుక్కలు తొందరగా ఆవిరవుతున్నాయి. స్టాండు తప్పదు. లాగే ముందు ఐదు నిమిషాలు ఫ్లాస్కును తిప్పి లోపలి గాలిని పూర్తిగా తడపాలి, లేకపోతే వలయం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఈ రెండూ పాటించాక రీడింగులు కుదురుకున్నాయి.

మేడ మీది మామూలు గాలి: తుప్పు వలయం 14 సెంటీమీటర్ల దగ్గర (తెల్లటి వెలుగులో లెక్కలోని చీకటి వలయం చోటు ఇదే). రెండు మీటర్లకు 14 సెంటీమీటర్లంటే 4 డిగ్రీలు. చుక్క వ్యాసం 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

ఇప్పుడు అసలు లెక్క. 27 డిగ్రీల తడిగాలి 1.20 రెట్లు వ్యాకోచిస్తే ఎంత నీరు చుక్కలుగా మారుతుంది? గాలి మొదట 20 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది, ఆవిరి నీరవుతూ వదిలే వేడికి మళ్లీ సగానికి పైగా కోలుకుంటుంది. రెండూ సరిచూసుకుంటే ఘనపు మీటరుకు సుమారు 5 గ్రాముల నీరు. దాన్ని 10 మైక్రాన్ల చుక్కలుగా పంచితే ఘనపు సెంటీమీటరుకు పదివేల చిల్లర.

చెంచాడు గాలిలో అరలక్ష కణాలు! ఊరి గాలికి ఇది నమ్మదగ్గ అంకె. జాన్ ఐట్కిన్ స్కాట్లండ్‌లో 1880ల్లో ధూళి లెక్కించే పెట్టె తయారుచేసి, గళ్లు గీసిన వెండి రేకు మీద రాలిన చుక్కలను భూతద్దంతో లెక్కపెట్టాడు. నాది ఆ పెట్టెకు పేద మనవడు.

జూలై 9

మేనల్లుడు ఫ్లాస్కులోకి పొగ ఊదాడు, కావాలనే. వలయం 14 నుంచి 25కి పోయింది. చుక్క 5.6 మైక్రాన్లకు తగ్గింది, సంఖ్య ఐదారు రెట్లయింది.

"మామా, నీళ్లు అవే కదా, మరి ఎక్కువ తెల్లగా ఎందుకు కనబడుతున్నది?"

బోండాల పిండితో చెప్పాను. ఒక్క బోండా అయ్యే పిండితో సగం వ్యాసమున్న పునుగులు ఎనిమిది వస్తాయి. పిండి అంతే, కరకరలాడే పైపొర మాత్రం రెట్టింపు. మబ్బు మీద పడే ఎండకు కనిపించేది పైపొరే. నీరు మారకుండా చుక్కలు ఎనిమిదింతలైతే ఎండను అడ్డుకునే వైశాల్యం రెండింతలు. 1970ల్లో షాన్ టూమీ అనే మబ్బుల శాస్త్రవేత్త చెప్పింది ఇదే: గాలిలో కణాలు పెరిగితే మబ్బు ఇంకా తెల్లబడి ఎండను ఎక్కువగా వెనక్కి కొడుతుంది. ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం) ఆరో నివేదిక మబ్బుల మీద ఇలాంటి కణాల ప్రభావాన్ని చదరపు మీటరుకు ఒక వాట్ చల్లదనంగా అంచనా కట్టి, దాని పక్కనే 0.7 వాట్ అటూ ఇటూ అని రాసింది. అంచనా ఎంతో, అనుమానం దాదాపు అంత.

పునుగుల్లో ఇంకో చిక్కుంది. చినుకు కావాలంటే చుక్కలు ఒకదాన్నొకటి ఢీకొని కలవాలి. ఒక మిల్లీమీటరు చినుకుకు 10 మైక్రాన్ల చుక్కలు పది లక్షలు కావాలి. అన్నీ చిన్నవే, అన్నీ ఒకే సైజువే అయితే పక్కపక్కనే తేలుతూ పోతాయి, ఢీకొనవు. మబ్బులో చుక్కల సగటు వ్యాసార్ధం 14 మైక్రాన్ల దాకా పెరిగితే గాని వెచ్చటి మబ్బులో వాన జోరందుకోదని ఈ రంగంలో వాడుక లెక్క. పొగ గాలిలో ఆ సైజుకు రావాలంటే మబ్బు ఇంకా ఎత్తుకు ఎదగాలి. ఎదిగేలోపు ఆరిపోతే, వడియాలు ఊరికే లోపలికి తెచ్చినట్టే.

జూలై 27

రెండో పరికరం. చవక లేజర్ సెన్సర్ ఒకటి, తేమ కొలిచే చిప్పు ఒకటి, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మెమరీ కార్డు. కోడు మేనల్లుడిది. ట్యాంకు పక్కన ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టాం. లోపలికి లాగిన గాలి మీద లేజర్ పడుతుంది, కణాలు చెదరగొట్టిన వెలుగును బట్టి 0.3 మైక్రాన్ పైబడినవి డెసిలీటరు (వంద ఘనపు సెంటీమీటర్లు) గాలిలో ఎన్నో చెబుతుంది.

మొదటి రోజు సగటు నాలుగు వేలు. ఘనపు సెంటీమీటరుకు మారిస్తే 40.

ఫ్లాస్కు పదివేలు అంటుంది, లేజర్ 40 అంటుంది. ఒకే మేడ, ఒకే గాలి. మేనల్లుడు రెండింట్లో ఒకటి చెడిపోయిందన్నాడు. ఏదీ చెడిపోలేదు. గాలిలో కణాల్లో అత్యధికం 0.3 మైక్రాన్ కన్నా బాగా చిన్నవి, లేజర్‌కు ఆనవు. ఫ్లాస్కులో ఆవిరి, గాలి పట్టగలిగినదానికి (సంతృప్త స్థితికి) మూడింతలవుతుంది కాబట్టి అది అతి చిన్న కణాన్ని కూడా చుక్కను చేసి చూపిస్తుంది.

జూలై 29

సెన్సర్ ఆగిపోయింది. బాక్సు తెరిస్తే ఫ్యాను రెక్కల్లో చిన్న సాలీడు, పక్కనే అది అల్లిన గూడు. గాలి లోపలికొచ్చే చోట దోమతెర గుడ్డ కట్టాను.

ఆగస్టు 11

నిన్న రాత్రి మంచి వాన. తెల్లారి ఐదింటికి రెండు పరికరాలూ చూశాను. ఫ్లాస్కు వలయం 11 సెంటీమీటర్లకు తగ్గింది, చుక్క 12.6 మైక్రాన్లు, సంఖ్య ఐదు వేల దాకా. వాన గాలిని కడిగింది, సరే. లేజర్ మాత్రం నాలుగు వేల నుంచి తొమ్మిది వేలకు ఎగబాకింది. ఒకటి గాలి శుభ్రపడిందంటుంది, ఇంకొకటి రెట్టింపు పాడైందంటుంది.

రెండు రోజుల రికార్డు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. లేజర్ అంకె తేమ వెనకాలే నడుస్తోంది. తేమ 75 శాతం దాటాక మెల్లగా, 90 దాటాక నిలువునా.

జవాబు వంటింట్లో ఉంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది. ఉప్పు 75 శాతం తేమ దగ్గర, అమోనియం సల్ఫేటు 80 దగ్గర గాలిలోని నీటిని లాక్కుని కరగడం మొదలుపెడతాయి. గాలిలో తేలే కణం కూడా అంతే. నీళ్లు తాగి ఉబ్బుతుంది, 0.2 మైక్రాన్ ఉన్నది 0.3 దాటి లేజర్ కంటికి ఆనుతుంది. కణాలు పెరగలేదు, లావెక్కాయి. కోహ్లర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1936లో రాసిన సిద్ధాంతం ఈ ఉబ్బే కణం గురించే: 100 శాతం తేమ దగ్గర ఉబ్బి ఆగిపోయేదేది, ఆ పైన ఒక్క పిసరు దాటగానే అదుపు తప్పి మబ్బుచుక్కగా పెరిగిపోయేదేది అన్నది. కణం ఎక్కడ ఆగుతుంది, చుక్క ఎక్కడ మొదలవుతుంది? గీత గీయమంటే నా మేడ మీద గీయలేను.

ఫోన్లలో గాలి నాణ్యత అంకెలు చూసి తెల్లవారుజామున వాకింగ్ మానేసే మా స్టాఫ్‌రూము మిత్రులకు ఇది చెప్పాను. ఆ అంకెల్లో చవక సెన్సర్లవి కూడా కొన్ని ఉంటాయి, వాటిలో కొంత నీళ్లే. ఎవరూ నమ్మలేదు. వాకింగ్ మానడానికి కారణం కావాలి మరి.

ఆగస్టు 19

కణాన్ని ఆరబెట్టి కొలవాలి. రెండడుగుల పీవీసీ పైపు, మధ్యలో సన్నటి స్టీలు జల్లెడ గొట్టం, చుట్టూ సిలికా జెల్ గింజలు. గాలి జల్లెడలోంచి పోతుంటే తేమ పక్కలకు పోయి గింజల్లో ఇంకాలి. బిగించి ఆన్ చేస్తే లేజర్ అంకె ముప్పై వేలు.

గింజలు కదిలి ఒరుసుకుని సిలికా పొడి రాలుతోంది. నా ఆరబెట్టే గొట్టమే దుమ్ము పుట్టిస్తోంది, నేను దాన్ని శ్రద్ధగా రికార్డు చేస్తున్నాను. గింజలను కడిగి ఎండబెట్టి, కదలకుండా గట్టిగా కూరి, ఒక రాత్రంతా ఉత్తగాలి పోనిచ్చాను. తెల్లారేసరికి దిగొచ్చింది. ఇప్పుడు తడి రాత్రుల్లో కూడా లేజర్, ఫ్లాస్కు ఒకే దిక్కు చూపిస్తున్నాయి. గింజల రంగు మారగానే పెనం మీద వేయించాలి. అమ్మ పెనం కాదు, వేరే కొన్నాను.

సెప్టెంబర్ 6

ప్రాజెక్టు సంగతి వీధిలో పాకింది. పాలు పోసే పెద్దాయన గేటు దగ్గర నిలబడి అడిగాడు, "వాన పడేస్తవా సారూ?"

ఈ ప్రశ్న పాలమూరులో ఊరికే రాదు. 2000ల్లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మేఘమథనం పేరుతో మబ్బుల్లో మందు చల్లే విమానాలు తిప్పిన రోజులు ఆయనకు బాగా గుర్తు. విమానం పోయింది, వాన పడ్డ రోజులూ ఉన్నాయి, పడని రోజులూ ఉన్నాయి, ఏది దేనివల్లో ఎవరూ చెప్పలేకపోయారన్నాడు. పెద్దాయన మాటలో పరిశోధన సమస్య మొత్తం ఉంది. చల్లకపోతే ఏమయ్యేదో తెలియాలంటే, చల్లదగ్గ మబ్బుల్లో కొన్నింటిని ఎంచి చల్లకుండా వదిలేయాలి. కరువులో ఉన్న జిల్లా మీద ఆ పని చేయడానికి ఏ కలెక్టరుకూ మనసొప్పదు. ఐఐటీఎం వాళ్లు 2018, 2019లో షోలాపూర్ దగ్గర ఆ పద్ధతిలోనే చేశారు: మబ్బు అడుగున ఉప్పు కణాల పొగగొట్టాలు కాల్చిన మబ్బులు కొన్ని, ఊరికే వదిలేసినవి కొన్ని. చల్లిన చోటికి గాలివాలున వంద చదరపు కిలోమీటర్లలో సగటున 18 శాతం ఎక్కువ వాన లెక్కతేలింది. ఆ పొగలో ఉండేవి నీళ్లు బాగా తాగే కణాలు. పునుగుల మధ్య నాలుగు బోండాలు వేసి ఢీకొనడం మొదలుపెట్టించడమే అందులో ఉపాయం.

మబ్బే లేకపోతే చల్లడానికి ఏమీ లేదని కూడా చెప్పాను. "అది మాకు తెల్వదా" అన్నాడాయన.

దీపావళి రాత్రి

పటాకులకు ముందు, సాయంత్రం ఐదింటికి: లేజర్ ఘనపు సెంటీమీటరుకు 40 దరిదాపు, వలయం 14. రాత్రి పదింటికి: లేజర్ 400 దాటింది, వలయం 25. పొడిగొట్టం (ఆ ఆరబెట్టే గొట్టమే) పెట్టే కొలిచాం. లేజర్ లెక్కన పదింతలు, ఫ్లాస్కు లెక్కన ఐదారింతలు. పటాకుల పొగలో లావు కణాలదే ఎక్కువ వాటా, చిన్నవి ఆ గుంపులో ఒకదాన్నొకటి అంటుకుని తగ్గిపోతాయి కూడా. మేనల్లుడు పదకొండింటికి ఇంకో కొలత తీసుకుంటానని మేడెక్కి, పక్కింటివాళ్లు వదిలిన రాకెట్ బాక్సు పక్కనే పడితే దిగొచ్చాడు. ఆ కొలత లేదు.

జనవరి 9

నాలుగు రోజులుగా తెల్లవారుజామున పొగమంచు. హైవే మీద లారీలు లైట్లేసుకుని పాకుతున్నాయి. పొగమంచంటే నేలకు దిగిన మబ్బే, నిచ్చెన లేకుండా అందుతుంది. ఈ అవకాశం కోసం డిసెంబరు నుంచే స్లైడులు తయారుచేస్తున్నాను.

పద్ధతి పాతది. కెమిస్ట్రీ ల్యాబులో మెగ్నీషియం రిబ్బన్ రెండంగుళాలు కాల్చి, ఆ తెల్లటి పొగను గాజు స్లైడుకు పట్టించాలి. మెగ్నీషియం ఆక్సైడు పలచటి పొరగా అంటుకుంటుంది, పిండి చల్లిన పీట లాగా. చుక్క దాన్ని గుద్దుకుని ఆవిరైపోతే గుండ్రటి గుంట మిగులుతుంది. గుంట వ్యాసాన్ని 0.86తో గుణిస్తే, 20 మైక్రాన్లు దాటిన చుక్కల అసలు సైజు. అంతకన్నా చిన్నవాటికి గుణకం ఇంకొంచెం తగ్గుతుంది.

స్లైడు ఊరికే పట్టుకుని నిలబడితే కుదరదు. చిన్న చుక్కలు గాలితోపాటే స్లైడు పక్కనుంచి జారిపోతాయి. వేగంగా గుద్దుకోవాలి. అందుకని పెద్ద చెరువు కట్ట మీద ఉదయం ఆరుంపావుకు స్కూటర్. నేను నడిపాను, వెనక మేనల్లుడు క్లిప్పుకు పట్టించిన స్లైడును అట్టముక్క చాటున దాచి కూర్చున్నాడు. నలభై స్పీడు రాగానే "తీయరా" అన్నాను, అట్ట తీసి రెండంకెలు లెక్కపెట్టి మూసేశాడు. వాకింగ్ వాళ్లు ఆగి చూశారు. అలా ఆరు స్లైడులు.

నాలుగు పోయాయి. ఇంటికొచ్చేసరికి తడి తగిలి పొర చితికింది. ఒకదాని మీద మేనల్లుడి బొటనవేలు ఉంది. ఆరోది బాగుంది.

జువాలజీ ల్యాబు సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాం. తెల్లటి సున్నపు గోడ మీద వాన మొదటి చినుకులు పడ్డట్టు, అంచులు పదునుగా, అడుగు చీకటిగా ఉన్న గుంటలు. ఒక చోట రెండు గుంటలు ఎనిమిది అంకెలా అతుక్కున్నాయి, అది లెక్కలోంచి తీసేశాం. స్కేలు పెట్టి 143 గుంటలు కొలిచాం. అతి చిన్నది 12 మైక్రాన్లు, పెద్దది 38, ఎక్కువ గుంపు 18, 22 మధ్య. సవరించాక చుక్కలు చాలావరకు 15 నుంచి 19 మైక్రాన్లు.

పది మైక్రాన్ల కిందివి ఈ పొర మీద సరిగ్గా పడవు. కాబట్టి నా కొలత పెద్దవాటి పక్షం.

ఆ ఉదయమే సెన్సర్ రెండు విధాలా పెట్టాను. పొడిగొట్టం లేకుండా లేజర్ దీపావళిని మించిపోయింది, పొగమంచు చుక్కలనే ధూళిగా లెక్కపెట్టింది. గొట్టం పెట్టగానే అందులో మూడో వంతుకు పడిపోయింది.

జనవరి 18

ఏడు నెలల నోట్సు ముందేసుకుని కూర్చున్నాను. లేజర్‌కు 0.3 మైక్రాన్ పైవే కనబడతాయి: 40. ఫ్లాస్కుకు అన్నీ కనబడతాయి: పదివేలు. నిజమైన మబ్బు ఈ రెండింటి మధ్య ఎంచుకుంటుంది. పైకి లేచే గాలిలో అతిసంతృప్తత (గాలి పట్టగలిగినదానికన్నా ఎక్కువైన ఆవిరి) ఒక శాతం కూడా దాటదు, తరచూ అందులో సగమో, పావో. ఆ కొద్దిపాటి ఆవిరికి మేలుకునేవి సుమారు 0.05 నుంచి 0.15 మైక్రాన్ కణాలు, అవీ నీళ్లు తాగే రకమైతేనే. సముద్రం మీది శుభ్రమైన మబ్బులో ఘనపు సెంటీమీటరుకు వందకు అటూ ఇటూ, నేల మీది మబ్బుల్లో కొన్ని వందలు. నేను జూన్‌లో అడిగిన అంకె అది. నా లేజర్‌కు చిన్నది, నా ఫ్లాస్కుకు విడిగా తెలియనిది. రెండు కిటికీలు పెట్టుకుని మధ్య గోడ వెనక ఏముందో చూడాలనుకున్నాను.

ఫ్లాస్కు సిరంజిని కొంచెమే లాగితే సరిపోదా అని మేనల్లుడు ఫోన్లో అడిగాడు. ఒక శాతం అతిసంతృప్తత కావాలంటే పిస్టన్ అర మిల్లీలీటరు కూడా కదలకూడదు, గాజు గోడల వెచ్చదనమే దాన్ని మింగేస్తుంది.

జనవరి 25

దారి ఒకటుంది. రెండు లోహపు పలకలు, ఒకదాని మీద ఒకటి, మధ్య ఒక సెంటీమీటరు ఎడం. రెండింటికీ తడి వడపోత కాగితం. పైది వెచ్చగా, కిందిది చల్లగా. వేడి, ఆవిరి రెండూ పై నుంచి కిందికి సాఫీగా పాకుతాయి, కానీ గాలి పట్టగలిగే ఆవిరి ఉష్ణోగ్రతతో సరళరేఖలో పెరగదు. ఆ వంపు వల్ల నట్టనడుమ ఆవిరి పిసరంత ఎక్కువవుతుంది. పైన 25, కింద 20 డిగ్రీలైతే మధ్యలో సరిగ్గా 22.5. ఆవిరి పీడనం రెండింటి సగటు 27.5 మిల్లీబార్లు, ఆ ఉష్ణోగ్రతకు పట్టేది 27.25. ఒక శాతం. తేడా మూడున్నర డిగ్రీలకు తగ్గిస్తే అర శాతం. పంపు లేదు, సిరంజి లేదు, ఠప్పుమనడం లేదు. పక్కనుంచి లేజర్ గీత వేసి, అందులో మెరిసే చుక్కలను ఫోన్ కెమెరాతో లెక్కపెట్టాలి.

ఫిబ్రవరి 3

న్యూటౌన్‌లో అల్యూమినియం కిటికీలు చేసే ఆయన రెండు గుండ్రటి పలకలు కోసిచ్చాడు. ఒకటి కొంచెం వంకర. పెల్టియర్ పలక (కరెంటు పెడితే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కేది) పార్సిల్ వచ్చింది, దాని వేడి వైపు మీద పాత కంప్యూటర్ ఫ్యాను అతికించాను. కింద పలక 19.6 దాకా దిగుతోంది, అరగంట నిలుస్తోంది. పై పలక అంచున మాత్రం తడి కాగితం గంటకే ఆరిపోతోంది. వడపోత కాగితం బదులు అమ్మ పాత నూలు చీర అంచు కత్తిరించి వేసి చూడాలి. అడగాలి ముందు.